పండుగ దినాల్లో గోళీల డబ్బా మరువకండి



డిసెంబరు మొదలైతే సంక్రాంతి దాటేవరకు మన షాద్‌నగర్ చుట్టుపక్కల పండుగే పండుగ. సెమీ క్రిస్మస్ కూడికలు, ఇంటింటికీ క్యారల్స్, 24 రాత్రి ఆరాధన, 31 రాత్రి వాచ్‌నైట్, ఆ వెంటనే సకినాలు, అరిసెలు. ఎక్కువ తినవద్దని అందరూ చెబుతూనే ఉంటారు. అంతకంటే నాకు భయం కలిగించేది గోళీలు ఆపేయడం.

“పండుగ పూట గోళీలెందుకు సిస్టరమ్మా, పండుగ అయినంక వేసుకుంటా” అంటారు. కొందరికి చుట్టాల ముందు వేసుకోవడం సిగ్గు. కొందరు ఊరికి పోతూ డబ్బా ఇంట్లోనే మరిచిపోతారు. బీపీ గోళీ నాలుగు రోజులు మానినా ఏమీ తెలియకపోవచ్చు, తలనొప్పి కూడా రాకపోవచ్చు. అదే దాని మోసం. సరిగ్గా ఆ దినాల్లోనే పచ్చళ్లు, సకినాలు, బగారా అన్నంలోకి మటన్ కూర. అన్నిటిలోనూ ఉప్పే. నిద్ర కూడా తక్కువ.

పెరిగిన బీపీ పక్షవాతానికి దారి తీస్తుంది. మూతి వంకర పోయినా, ఒక చేయి లేవకపోయినా, మాట తడబడినా తెల్లవారేదాకా ఆగకండి. పసరు పోయించవద్దు, నోట్లో నీళ్లు గానీ గోళీ గానీ వేయవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి. రక్తం గడ్డ కట్టడం వల్ల వచ్చిన పక్షవాతమైతే, గడ్డను కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. దానికి ముందు సీటీ స్కాన్ తీయాలి. ఇక్కడి నుండి హైదరాబాద్ దాదాపు 50 కిలోమీటర్లు. ప్రయాణానికే గంటకు పైగా పోతుంది. అందుకే ఎప్పుడు మొదలైందో గడియారం చూసి గుర్తు పెట్టుకోండి.

షుగర్ ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది. పండుగకు ముందు ఉపవాస ప్రార్థనలు ఉంటాయి. పొద్దున అలవాటుగా గోళీ మింగి లేక ఇన్సులిన్ తీసుకుని, సాయంత్రం దాకా ఏమీ తినరు. అప్పుడు షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, మాటకు పొంతన లేకపోవడం. ప్రార్థనలో ఉండగా ఇలా జరిగితే పక్కవారు ఆత్మావేశమని పొరబడవచ్చు! మెలకువగా ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి, తేరుకున్నాక అన్నం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి. ఉపవాసం ఉండాలనుకునేవారు ముందుగానే డాక్టరుగారిని అడగాలి. పాస్టర్లు కూడా ఈ మాట సంఘంలో ప్రకటిస్తే మేలు.

మన వాళ్లు చాలామంది మెదక్ చర్చికి పోతారు. హైదరాబాద్ మీదుగా దాదాపు 150 కిలోమీటర్లు, ఆపైన జనంలో గంటల తరబడి నిలబడాలి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ దేవాలయం కట్టడంలో కరువు కాలాన ఎందరికో పని, అన్నం దొరికాయి. పాస్నెట్ దొరగారిని పెద్దలు ఇప్పటికీ తలుచుకునేది అందుకే. ఆకలి తీర్చిన చోట మీరు ఆకలితో కళ్లు తిరిగి పడిపోవద్దు! సంచిలో బిస్కెట్లు, కొంచెం చక్కెర, నీళ్ల సీసా, రెండు రోజులకు ఎక్కువగానే గోళీలు, మందుల చీటీ పెట్టుకోండి. ఇన్సులిన్‌ను ఎండ తగిలే జీపు అద్దం దగ్గర ఉంచవద్దు. ఇంట్లోనైనా గడ్డకట్టే అరలో పెట్టవద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

ప్రేమవిందులో మిగిలిన మటన్ కూరను రాత్రంతా బయట ఉంచి పొద్దున పంచకండి. చలికి తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. ఆ విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఒక పూట గోళీ మరిచిపోతే మరుసటి పూట రెండూ కలిపి వేసుకోకండి. నెల గోళీలు పండుగకు వారం ముందే తీసుకోండి. డబ్బుకు ఇబ్బంది ఉన్నవారికి సర్కారు దవాఖానల్లో బీపీ, షుగర్ గోళీలు ఉచితంగా ఇస్తారు. ఇంట్లో అవ్వ, తాతల గోళీల బాధ్యత ఒక మనుమరాలికి అప్పగించి చూడండి. పిల్లలు పెద్దలకంటే గట్టిగా అడుగుతారు.