కరోనా చలికాలంలో కుంటాల బాట

2020 మార్చిలో కరోనా వల్ల హాస్టళ్లు మూసినరు. ఆ చలికాలం నేను ఇంటి దగ్గరనే ఉన్న. ఒకరోజు పొద్దెక్కి మంచు విడిచినంక తాతతో కుంటాల జలపాతం దాకా నడిచిన. ఇది నేరడిగొండ మండలంలో, కడెం వాగు మీద ఉన్నది. ఎత్తు సుమారు 45 మీటర్లు.

తలుపులు మూసిన గదిలో రోగి విడిచిన ఊపిరి అక్కడనే నిలుస్తది. ఆరుబయట గాలికి చెదిరిపోతది. అందుకే అడవి బాటలో కరోనా భయం తక్కువ. కాని గుంపు చేరితే అక్కడ కూడా అంటుకుంటది. మేము దూరం దూరంగా నడిచినం. మనుషులు ఎదురైతే మాస్కు పెట్టుకున్నం.

నీళ్లల్ల దిగుతనంటే తాత వద్దన్నడు. నాకు కోపమొచ్చింది. బండల మీద పాచికి కాలు జారుతదని, గుండాలు చాలా లోతని, అక్కడ ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నరని తర్వాత తెలిసింది.

సెలవుల్లో పోతే కండ్లారా చూడండి, నీళ్లల్ల మాత్రం దిగకండి!