పులుపులో ఉడికే పంది మాంసం: ఫిలిప్పీన్స్ వారి అడోబో



చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా ప్రాంతాల్లో బొగ్గు గనుల పనికీ, కాగితం మిల్లు పనికీ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆదివారం పంది మాంసం వండుకునే ఇళ్లూ వాటిలో ఉన్నాయి. కారం, అల్లం, ఎల్లిగడ్డ, చింతపులుసు వేసి వండే పద్ధతి మీకు తెలిసిందే. ఈ రోజు ఫిలిప్పీన్స్ దేశంలో ఇంటింటా వండే అడోబో అనే వంటకం గురించి చెప్పుకుందాం. ఇందులో కారం లేదు, మసాలా పొడి లేదు, ఉల్లిగడ్డ కూడా తప్పనిసరి కాదు. దానితో పాటు పంది మాంసం వండే ప్రతి ఇల్లాలూ తెలుసుకోవలసిన ఒక జాగ్రత్త కూడా మనవి చేస్తాను.

అడోబో అనే పేరు స్పెయిన్ వారిది. వంట మాత్రం వారు రాకముందు నుంచీ ఉన్నది. అది ఎండ, ఉక్క ఎక్కువగా ఉండే ద్వీపాల దేశం. మాంసం త్వరగా చెడిపోకుండా అక్కడివారు దాన్ని పులిసిన కల్లు వెనిగర్‌లో, ఉప్పులో ఉడికించేవారు. మన దగ్గర ఈతకల్లు నిలవ ఉంటే ఎలా పులుస్తుందో అదే సంగతి. తరువాత చైనా వర్తకుల ద్వారా వచ్చిన సోయా సాస్ ఉప్పు స్థానంలో చేరింది. మన పొరుగున గోవాలో వండే విందాలూ కూడా వెనిగర్, ఎల్లిగడ్డలతో చేసేదే. దానికి మిరపకాయ తోడైంది, దీనికి కాలేదు.

ఇక వంట. కొవ్వు, కండ కలిసిన మాంసం 1 కిలో తీసుకుని, రెండంగుళాల ముక్కలు కోయించండి. వెనిగర్ 120 మిల్లీలీటర్లు, సోయా సాస్ 100 మిల్లీలీటర్లు, చితక్కొట్టిన ఎల్లిగడ్డ ఒకటి, మిరియాలు ఒక చెంచా, బిర్యానీ ఆకులు మూడు కావాలి. వెనిగర్‌ను ఇక్కడి బజారులో సిర్కా అన్నా ఇస్తారు. ఆకును తేజ్‌పత్తా అని అడగండి.

వీటన్నిటినీ ముక్కలకు పట్టించి అరగంట ఉంచండి. తరువాత రెండు గ్లాసుల నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. సత్తు గిన్నె, కళాయి లేని ఇత్తడి గిన్నె వాడకండి. పులుపు లోహాన్ని తింటుంది. స్టీలు గిన్నె గానీ, మట్టికుండ గానీ మంచిది. మూత పెట్టకుండా, గరిటె పెట్టకుండా మొదటి పొంగు రానివ్వండి. వెనిగర్ ఘాటు పోతుందని అక్కడివారు అలా చేస్తారు. ఆపైన మూత పెట్టి సన్నని సెగ మీద గంట, గంటన్నర ఉడకనివ్వండి. చివర మూత తీసి పులుసు చిక్కబడనివ్వండి. ముక్కలు తమ కొవ్వులోనే కొంచెం వేగితే మరింత రుచి. సోయా సాస్‌లోనే ఉప్పు ఉంటుంది గనుక రుచి చూశాకే ఉప్పు వేయండి. సోయా సాస్ దొరకకపోతే ఉప్పుతోనే వండవచ్చు. దాన్ని వారు తెల్ల అడోబో అంటారు. పంది మాంసం తినని వారు కోడి మాంసంతో చేసుకోవచ్చు. దానికి నలభై నిమిషాలు చాలు. వేడి అన్నంలో కలుపుకుంటే బాగుంటుంది.

ఇప్పుడు ఆ జాగ్రత్త. వెనిగర్‌లో నానితే మాంసంలోని పురుగు చస్తుందని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. మలం తిని తిరిగే పందుల కండలో బియ్యపు గింజల్లాంటి తెల్లని తిత్తులు ఉండవచ్చు. అవి బద్దెపురుగు పిల్లలు. అరకొరగా ఉడికిన మాంసంతో అవి మన పేగుల్లో చేరి పెద్దవవుతాయి. అలాంటి మనిషి మలంలో పురుగు గుడ్లు పడతాయి. కడగని చేతుల ద్వారా, కూరగాయల ద్వారా, నీటి ద్వారా ఆ గుడ్లు మరొకరి కడుపులో చేరితే పిల్లలు మెదడు దాకా పోయి, మూర్ఛలు తెప్పించగలవు. అందుకే పంది మాంసం ముట్టని వారికీ ఈ జబ్బు వస్తుంది. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ వస్తే గాలి సోకిందని ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి. దీనికి వైద్యం ఉంది.

కనుక కట్టేసి, దాణా పెట్టి పెంచిన పంది మాంసమే కొనండి. తెల్లని గింజలు కనిపిస్తే ఎంత చవకగా వచ్చినా వద్దనండి. ముక్క మధ్యలో ఎరుపు లేకుండా ఉడికించండి. పచ్చి మాంసం కోసిన కత్తి, పీట, చేతులు సబ్బుతో కడగండి. మరుగుదొడ్డి వాడకం, చేతులు కడగడం ఇంటిల్లిపాదికీ అలవాటు చేయండి. మన చంద్రపూర్ ఎండలు మీకు కొత్త కాదు. వెనిగర్ వేశాం కదా అని వండినది బయట వదిలేయకండి. ఆ పూటకు తినగా మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ పొంగు వచ్చేలా కాచి తినండి.

వెనిగర్ రుచికి. పురుగును చంపేది మాత్రం పొయ్యి మీది సెగే. ఈ ఆదివారం వండేవారు ఆ గంటన్నర ఓపిక పట్టండి.