ఆంగ్ల కావ్యములలోని కొయ్యచెక్కడపు బొమ్మలు

గోల్డుస్మిత్ కవి రచించిన 'డెసర్టెడ్ విలేజ్' అను కావ్యమును మనలో పెక్కురెరుగుదురు. దానిని, పార్నెల్ కవి పద్యములతోఁ గూర్చి, 1795వ సంవత్సరమున విలియం బుల్మరు లండను నగరమున బొమ్మలతో ముద్రించెను. ఆ బొమ్మలను జూచిన మూడవ జార్జి రాజు, అవి కొయ్యపైఁ జెక్కినవనిన నమ్మఁజాలక, దిమ్మలను దెప్పించి చూచెనని చెప్పుదురు. వానిని జెక్కినవారు థామస్ బ్యూయిక్, ఆయన తమ్ముఁడు జాన్.

రాజు సందేహము వింతగాదు. అంతకుమున్ను కొయ్యబొమ్మలు మోటుగా నుండెడివి; నాజూకైన బొమ్మ కావలసినచో రాగిరేకుపైఁ జెక్కవలసినదే. రాగిరేకున సిరా గాడిలో నిలుచును గనుక దానిని వేఱుగా అచ్చొత్తవలెను. బ్యూయిక్ మిక్కిలి గట్టిదైన బాక్సు కఱ్ఱను అడ్డముగాఁ గోయించి, ఆ కోసిన ముఖమును నునుపుచేసి, రాగిపనివారి సన్నని ఉలితోఁ జెక్కెను. చెక్కిన గీత తెల్లగాను, మిగిలిన భాగము నల్లగాను బడును. దిమ్మ యెత్తు సీసపుటక్షరముల యెత్తునకు సమానమగుటచే పద్యమును బొమ్మయు నొక్కమారే అచ్చగును. ఈ పద్ధతిని ఆయనయే కనుగొనలేదు గాని, దానికిఁ గీర్తి దెచ్చినవాఁడు మాత్ర మాయనయే.

అయితే దీనికొక వెల గలదు. చిత్రకారుఁడు దిమ్మమీఁదనే బొమ్మ వ్రాయును. చెక్కువాని ఉలి క్రింద ఆ వ్రాఁత రూపుమాసిపోవును. 1857లో మాక్సన్ ప్రచురించిన టెనిసన్ కావ్యసంపుటికి మిల్లే, హంట్, రొసెటీ మున్నగువారు బొమ్మలు వ్రాసిరి; వానిలోఁ బెక్కింటిని డాల్జియల్ సోదరులు చెక్కిరి. తన గీతలను జెఱచిరని రొసెటీ మండిపడెను. పెన్సిలు, సిరా, రంగుసుద్ద అన్నియుఁ గలిపి దిమ్మపైఁ బూసినచో ఉలితో నెట్లు తేవలెనని వారి మొఱ. ఎవరిది న్యాయమో తేల్చుటకు మూలచిత్రమే మిగులలేదు గదా! నాకు మాత్రము చెక్కినవారిమీఁదనే జాలి కలుగుచున్నది.

తరువాత ఛాయాచిత్రము ద్వారా బొమ్మను దిమ్మపైకి దింపు నుపాయము వచ్చెను గనుక మూలచిత్రములు దక్కినవి. మఱికొంత కాలమునకు ఛాయాచిత్రముతోనే అచ్చుదిమ్మలు తయారగుటచే ఉలిపనివారికిఁ బని తప్పెను.

అట్టి పాతపుస్తకము చేతికి దొరకినచో, భూతద్దముతో బొమ్మ యడుగు మూలలను బరికింపుఁడు. గడ్డిపోచల నడుమ 'డాల్జియల్' అను చిన్న యక్షరములు పెక్కుచోట్లఁ గాననగును.