బోరు చేయించాలా, బండి మార్చాలా?

మా వైపు "బోరు" అనే మాటకు రెండు అర్థాలు. ఒకటి నీళ్ల కోసం భూమికి వేసేది, రెండోది ట్రాక్టర్ ఇంజన్‌కు వచ్చేది. లోపలికి దిగేదాకా ఎంత ఖర్చవుతుందో రెండిట్లోనూ తెలీదు. క్లాసులో వచ్చే మూడో రకం బోరు గురించి ఇక్కడ రాయనక్కర్లేదు, అది అందరికీ అనుభవమే.

పెనుకొండ మండలంలోని మా ఊర్లో మాకొక పాత ట్రాక్టర్ ఉంది. మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్, నలభై హార్స్‌పవర్‌కు కాస్త తక్కువ, వయసు ఇరవై ఏళ్లు దాటింది. ఈ వేసవిలో అది స్టార్ట్ కావడానికి మొరాయించడం, నీలిపొగ వదలడం మొదలుపెట్టింది. ముగ్గురు మూడు మాటలు చెప్పారు. ఊర్లో మేస్త్రీ "రింగులేస్తే సరిపోతాది" అన్నాడు. హిందూపురంలో లేత్ షాపు పెద్దాయన "ఫుల్ ఇంజన్ పని చేయించల్లా" అన్నాడు. ధర్మవరంలో ఉన్న మామ "ఇంకా దాన్ని పట్టుకొని ఏలాడతావేమి బావా, అమ్మేసి కొత్తది తీసుకో" అన్నాడు. నాయన మాత్రం నా వైపు తిరిగి, "నువ్వు చదివేది మెకానికలే కదా, నువ్వు చెప్పు" అన్నాడు.

అమ్మ గాజులు అప్పటికే బ్యాంకులో ఉన్నాయి. నా ఫైనల్ ఇయర్ ఫీజు కట్టాల్సి ఉంది. అందుకే ఈ ప్రశ్న పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు. కానీ జవాబు వెతకడానికి పనికొచ్చింది మాత్రం ఎక్కువగా మన సిలబస్సే. ఇంట్లో ట్రాక్టర్, ఆటో, జనరేటర్, ఏది పాతబడినా ఈ లెక్క పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు చవక తప్పులు చూడాలి

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదని మనకు తెలుసు. గాలిని పదహారు, పద్దెనిమిది రెట్లు నొక్కితే దాని వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. కాబట్టి కంప్రెషన్ తగ్గితే స్టార్టింగ్ కష్టం. అయితే స్టార్టింగ్ కష్టమైన ప్రతిసారీ కంప్రెషన్ పోయిందని అనుకోకూడదు. బ్యాటరీ నీరసించి ఇంజన్ నెమ్మదిగా తిరిగినా, డీజిల్ పైపులో గాలి చేరినా, నాజిల్ సరిగా చిమ్మక కారినా ఇదే లక్షణం కనబడుతుంది. ఇవన్నీ వందల్లో, వేలల్లో పోయే పనులు. లక్ష ఖర్చు గురించి ఆలోచించే ముందు వీటిని కొట్టిపారేయాలి.

పొగ రంగు కూడా కొంత చెబుతుంది. నల్లపొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి అందడం లేదు: ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, నాజిల్ తప్పు కావొచ్చు, లోడు ఎక్కువై ఉండొచ్చు. తెల్లపొగ అంటే కాలని డీజిల్ ఆవిరి, లేదా సిలిండర్‌లోకి నీళ్లు రావడం. నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. రింగుల పక్క నుంచో, వాల్వ్ గైడ్ల నుంచో ఆయిల్ పైకి వస్తోందన్నమాట.

మేము ఎయిర్ ఫిల్టర్ కడిగించాం, నాజిళ్లు టెస్ట్ చేయించాం, వాల్వ్ క్లియరెన్స్ సరిచేయించాం. నల్లపొగ తగ్గింది. నీలిపొగ తగ్గలేదు.

అరిగిందా లేదా, ఇంజన్‌నే అడగాలి

ఆయిల్ పోసే మూత తీసి ఇంజన్ నడపండి. అక్కడి నుంచి ఆవిరి గుప్పుగుప్పుమని కొడుతుంటే సిలిండర్‌లో ఉండాల్సిన ఒత్తిడి పిస్టన్ పక్క నుంచి కిందికి జారుతోందని అర్థం. మన పుస్తకాల్లో దీన్ని బ్లో బై అంటారు. ఇది పైసా ఖర్చులేని పరీక్ష.

రెండోది కంప్రెషన్ టెస్ట్. నాజిల్ తీసిన చోట గేజ్ బిగించి, స్టార్టర్‌తో తిప్పి చూడటమే. మా బండిలో మొదటి రెండు సిలిండర్లు 360, 350 పీఎస్ఐ చూపించాయి. మూడోది 270. ఒక్క అంకె కంటే అంకెల మధ్య తేడా ముఖ్యం. మూడూ సమానంగా కొంచెం తగ్గితే అది వయసు. ఒకటే బాగా పడిపోతే అది రోగం.

ఎక్కడి రోగం? పెట్రోల్ ఇంజన్‌లో సిలిండర్‌లోకి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. డీజిల్‌లో దీన్ని నమ్మకూడదు. పైన మిగిలే ఖాళీ చాలా చిన్నది కాబట్టి ఆయిలే ఆ చోటు ఆక్రమించి తప్పుడు అంకె చూపిస్తుంది, ఎక్కువైతే పిస్టన్ కడ్డీ వంగే ప్రమాదం కూడా ఉంది. దాని బదులు పిస్టన్‌ను పైకి తెచ్చి, వాల్వులు రెండూ మూసుకున్న స్థితిలో కంప్రెసర్ గాలి పంపి, చెవి పెట్టి వినాలి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు. ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్ లేదా హెడ్‌లో పగులు. ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు, లైనర్. మాకు శబ్దం ఆయిల్ మూత దగ్గరే వచ్చింది.

ఇంకొక సాక్షి ఆయిలే. పాలు కలిపినట్టు తెల్లగా మారితే నీళ్లు కలిశాయి. పోయకుండానే మట్టం పెరిగితే డీజిల్ దిగుతోంది. అడుగున మెరిసే రజను కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయి.

మన నేలలో ఇంజన్లు ఎందుకు అరుగుతాయి?

మా జిల్లా దేశంలోనే వానలు బాగా తక్కువ పడే ప్రాంతంలో ఉంది. సెనక్కాయ విత్తేముందు ఎర్రనేల దున్నితే లేచే దుమ్ము మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ దుమ్ములో సిలికా రేణువులుంటాయి. ఫిల్టర్ తర్వాత వచ్చే రబ్బరు గొట్టం కాస్త వదులైనా ఆ దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది, రింగులకూ లైనర్‌కూ మధ్య ఎమెరీ పేపర్‌లా పనిచేస్తుంది.

రెండో శత్రువు రేడియేటర్‌లో పోసే బోరు నీళ్లు. మా నీళ్లలో లవణాలు ఎక్కువ. టీ గిన్నెలో తెల్లగా పేరుకునేదే ఇంజన్ నీటిదారుల్లోనూ పేరుకుంటుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. పైగా చాలా ట్రాక్టర్లలో ఉండేది తడి లైనర్, అంటే దాని వెనకవైపు నేరుగా నీళ్లు తగులుతుంటాయి. కూలెంట్ కలపని నీళ్లతో ఆ వెనకవైపు గుంటలు పడతాయి.

ఇక్కడే ఒక మాట. "ఇంజన్ బోరుకొచ్చింది" అంటాం గానీ తడి లైనర్ ఉన్న ఇంజన్‌లో సాధారణంగా బోరు కొట్టరు. పాత లైనర్ లాగేసి, కొత్త లైనర్, పిస్టన్, రింగులు కలిసి వచ్చే కిట్టు వేస్తారు. మాట పాతది, పని మారింది.

నాలుగు దారులు

మొదటిది రింగులు మాత్రమే మార్చడం. ఖర్చు తక్కువ. కానీ లైనర్ అన్నిచోట్లా సమానంగా అరగదు. పై రింగు తిరిగే చోట ఎక్కువ అరుగుతుంది, కింద తక్కువ. కోలగా మారిన ఆ గొట్టంలో గుండ్రటి కొత్త రింగు పూర్తిగా ఆనదు. ఒక పంటకాలం గడుస్తుంది, అంతే.

రెండోది ఫుల్ ఇంజన్ పని. కిట్టు, బేరింగులు, క్రాంక్ గ్రైండింగ్, వాల్వు సీట్లు, గ్యాస్కెట్లు, పంప్ క్యాలిబ్రేషన్, కూలి అన్నీ కలిపి మాకు చెప్పింది 85,000 రూపాయలు.

మూడోది సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చి పెట్టడం. ఓవర్‌హాల్ కంటే తొందరగా అయిపోతుంది. కానీ దాని చరిత్ర మనకు తెలీదు. పైగా ఆర్‌సీలో ఇంజన్ నంబర్ ఉంటుంది. ఇంజన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ కింద రవాణాశాఖ దగ్గర నమోదు చేయించాలి. లేదంటే అమ్మేటప్పుడూ, ఇన్సూరెన్స్ దగ్గరా ఇరుక్కుంటాం.

నాలుగోది కొత్త బండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మామ వాదనకు బలం అదే. అయితే అదే రోజు ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద కూడా 18 నుంచి 5కి తగ్గింది. అంటే ఆ తగ్గింపు రెండువైపులా పనిచేసింది.

గంటకు ఎంత?

పడవ ఇంజన్ అయినా, జనరేటర్ అయినా, ట్రాక్టర్ అయినా వయసును ఏళ్లలో కాదు, నడిచిన గంటల్లో కొలవాలి. మేము ఏడాదికి సుమారు 400 గంటలు నడుపుతాం. ఓవర్‌హాల్ తర్వాత 3,000 గంటలు వస్తుందని పెట్టుకున్నా ఏడున్నరేళ్లు.

పాత బండి ఉంచుకుంటే: ఇంజన్ పని 85,000. క్లచ్, హైడ్రాలిక్స్, టైర్లు వగైరా 1,20,000 అనుకుందాం. చివర్లో అమ్మితే 80,000 వస్తుందనుకుంటే నికర ఖర్చు 1,25,000. గంటకు సుమారు 42 రూపాయలు.

కొత్తది కొంటే: ధర 7,20,000. పాతదానికి ఎక్స్‌చేంజ్ 1,60,000. అప్పు 5,60,000, ఐదేళ్లకు 12 శాతం చొప్పున వడ్డీ సుమారు 1,90,000. మొత్తం 7,50,000. చిన్న రిపేర్లకు 30,000 కలిపి, ఏడున్నరేళ్లకు 3,00,000కు అమ్మితే నికరం 4,80,000. గంటకు 160 రూపాయలు.

ఇక్కడితో ఆపితే పాత బండి ఎప్పుడూ గెలుస్తుంది. కానీ పాత బండికి ఇంకొక ఖర్చుంది, అది ఏ బిల్లులోనూ కనబడదు: ఆగిపోయిన రోజులు. జూన్, జూలైలో ఒక పదును వాన పడితే నేల ఆరేలోపు విత్తాలి. ఆ నాలుగు రోజుల్లో బండి షెడ్డులో ఉంటే బాడుగ ట్రాక్టర్ పిలవాలి, అదీ దొరికితే. ఏడాదికి ఐదు రోజులు అలా పోయి, రోజుకు 4,000 అదనంగా అయితే 20,000. గంటకు ఇంకో 50. అది కలిపినా మా లెక్క 92 దగ్గర ఆగింది. 160 కంటే తక్కువే.

ఇప్పుడు మామ సంగతి. ఆయన బాడుగకు తిప్పుతాడు, ఏడాదికి 1,200 గంటలు. ఏడున్నరేళ్లలో 9,000 గంటలు. పాత బండికి మూడు ఓవర్‌హాల్స్, మూడింతల రిపేర్లు వేసి, చివరికి 50,000కు అమ్మినా గంటకు 63 రూపాయలే పడుతుంది. కానీ ఏడాదికి 15 రోజులు ఆగి, రోజుకు 6,000 బాడుగ పోతే గంటకు 75 కలిసి 138 అవుతుంది. కొత్తదానికి అదే అప్పు మీద రిపేర్లు 1,50,000 వేసి, చివర్లో 1,50,000కే అమ్మినా గంటకు 83. మామకు కొత్తదే లాభం. ఆయన మాటా తప్పు కాదు, మాకు వర్తించదు, అంతే. సలహా ఇచ్చేవాళ్లు తమ బండి గంటలను మన బండికి వేసి చెబుతారు. అది గుర్తుపెట్టుకుంటే చాలు.

కొత్త బండి గురించి ఇంకొక విషయం. 2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్ 4 ప్రమాణాలు వచ్చాయి. వాటిలో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉంటుంది. పొగ తగ్గుతుంది, మంచిదే. కానీ ఊరి మేస్త్రీ స్పానర్‌తో కుదిరే పని కాదు, ల్యాప్‌టాప్ కావాలి. పెద్ద బండి కొనేవాళ్లు సర్వీస్ సెంటర్ ఎంత దూరమో కూడా లెక్కలో వేసుకోవాలి.

విప్పేముందే హద్దులు రాసుకోవాలి

ఇంజన్ విప్పాక మనసు మారదు. "ఇంత పెట్టాం కదా, ఇంకొంచెం" అనిపిస్తుంది. అందుకే హిందూపురానికి తీసుకెళ్లేముందే నాయన, నేను మూడు షరతులు కాగితం మీద రాసుకున్నాం. బ్లాక్‌లో పగులుంటే ఆపేయాలి. క్రాంక్ చివరి అండర్‌సైజ్ కూడా దాటి అరిగి ఉంటే ఆపేయాలి. మొత్తం 1,10,000 దాటితే ఆపేసి, ఉన్నదున్నట్టు ఎక్స్‌చేంజ్‌కు ఇవ్వాలి.

విప్పి చూస్తే మూడో లైనర్ పైభాగంలో అరుగుదల 0.28 మిల్లీమీటర్లు ఉంది. అంటే రింగులతో పోయేది కాదు. క్రాంక్‌ను ఇంతకుముందే ఒకసారి 0.25 గ్రైండ్ చేశారు. ఇప్పుడు 0.50కి వెళ్లింది, ఇంకా హద్దులోనే ఉంది. బ్లాక్ బాగుంది. బిల్లు 91,000 అయింది. లైనర్ అంచు బ్లాక్ కంటే మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు పైకి ఉండాలి, లేకపోతే గ్యాస్కెట్ కొట్టేస్తుంది. ఆ కొలత దగ్గరుండి చూపించమని అడిగాను. పెద్దాయన నవ్వి, డయల్ గేజ్ నా చేతికే ఇచ్చాడు.

మొదటి 50 గంటలు తేలిక పనులే చేయించాలి, ఊరికే ఐడిల్‌లో వదిలేయకూడదు, ఆ తర్వాత ఆయిల్ మార్చాలి. కొత్త రింగులు లైనర్‌కు అలవాటుపడేది అప్పుడే. రేడియేటర్‌లో ఇప్పుడు బోరు నీళ్లు లేవు, కూలెంట్ ఉంది. గంటల మీటర్ రీడింగ్, పోసిన డీజిల్, కలిపిన ఆయిల్ రాయడానికి నాయన నా పాత ల్యాబ్ రికార్డు తీసుకున్నాడు. వెనక ఖాళీ పేజీలు చాలానే ఉన్నాయి. మళ్లీ ఈ ప్రశ్న వచ్చిన రోజున ఎవరినీ అడగనక్కర్లేదు, ఆ పేజీలు తిప్పి చూసుకుంటే చాలు.