ఖరగ్‌పూర్ ఎండలో అమెరికా సేన

అమెరికా వైమానిక దళంలోని ఇరవయ్యో బాంబర్ కమాండ్ 1944 మార్చి చివర ఖరగ్‌పూర్‌ను తన కేంద్రంగా చేసుకుంది. అప్పటి అతిపెద్ద బాంబరు విమానం బి-29ను జపాన్ మీద ప్రయోగించడానికి ఏర్పడిన దళమిది. చుట్టుపక్కల చాకులియా, పియర్‌డోబా, దుధ్‌కుండీ, కలైకుండా, ఖరగ్‌పూర్‌ల దగ్గర విమాన మైదానాలు సిద్ధమయ్యాయి. సైనికులు చాలామంది ఓడల్లో బొంబాయి చేరి, అక్కడి నుంచి రైళ్లలో దేశం అడ్డంగా దాటి వచ్చారు. దిగేసరికి బెంగాల్‌లో వేసవి మొదలైంది.

ఈ ఊరినే ఎంచుకోవడానికి ప్రధాన కారణం రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వేకు ఖరగ్‌పూర్ పెద్ద జంక్షన్. కలకత్తా రేవు దగ్గర. బజ్‌బజ్ చమురు రేవు నుంచి పెట్రోలు తేవడం సులువు. 1902లో వాల్తేరు-కటక్ మార్గం కూడా ఈ రైల్వే చేతికి వచ్చాక, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువాళ్లు వర్క్‌షాపు పనులకు వరసగా తరలివచ్చారు. 1927లో ఇక్కడి కార్మికుల సమ్మెకు ముందు నిలిచిన నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. ఆ తెలుగు కుటుంబాలకు ఈ ఎండ కొత్త కాదు. అంబలి, మజ్జిగ, మట్టికుండ నీళ్లు, మిట్టమధ్యాహ్నం నీడ పట్టున ఉండడం వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న అలవాట్లు. అమెరికన్లు అవన్నీ మొదటి అక్షరం నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

ప్రధాన కార్యాలయం హిజ్లీలో గోపురమున్న పెద్ద కట్టడంలో పెట్టారు. అంతకుముందు అది రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న అక్కడి పోలీసు కాల్పుల్లో సంతోష్‌కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు ఖైదీలు చనిపోయారు. సామాన్య సైనికులకు మాత్రం గుడారాలో, వెదురు తడికెల మీద గడ్డి కప్పిన పాకలో దొరికాయి. ఈ పాకలను వాళ్లు ‘బాషా’లనేవారు. రేకుల షెడ్డు కంటే ఎండకు ఇవే నయం: గడ్డి కప్పు వేడిని లోపలికి దిగనివ్వదు, తడికె గాలిని ఆపదు. నులక మంచం కూడా అంతే. కింది నుంచి గాలి తగులుతుంది కనుక పరుపు కంటే దాని మీదే ఒళ్లు చల్లగా ఉంటుంది.

వేడికి ఒళ్లు అలవాటుపడడానికి సాధారణంగా పది పద్నాలుగు రోజులు పడుతుంది. మొదట్లో కొద్దిపాటి పనికే గుండె దడదడలాడుతుంది, తల తిరుగుతుంది. క్రమంగా చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది. అందులో ఉప్పు తగ్గుతుంది. నాడి నెమ్మదిస్తుంది. కొత్తగా వచ్చినవాణ్ణి తొలివారంలోనే ఎండలో బరువు పనికి పంపకూడదనడానికి కారణమిదే. నీళ్లు తక్కువ తాగే అలవాటు చేస్తే సైనికుడు రాటుదేలతాడని అప్పట్లో ఒక నమ్మకం ఉండేది. అదే యుద్ధకాలంలో రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇ.ఎఫ్. అడాల్ఫ్ బృందం అమెరికా ఎడారుల్లో పరిశోధించి అది తప్పని తేల్చింది. వేడికి అలవాటుపడిన ఒంటికి నీటి అవసరం తగ్గదు. పైగా దాహం తీరిందనిపించినా, చెమటగా పోయినంత నీరు మనిషి తాగి ఉండడు. అందుకే దాహం వేయకముందే తాగాలి. ఇది నేటి తెలుగు రైతుకూలీకీ వర్తించే మాటే.

తాగునీటిలో క్లోరిన్ కలిపి, కుళాయిలున్న పెద్ద కాన్వాసు సంచుల్లో నింపి నీడలో వేలాడదీసేవారు. మలేరియాకు క్వినైన్ దొరికేది కాదు. క్వినైన్ తీసే సింకోనా చెట్ల తోటలకు నెలవైన జావాను 1942లోనే జపాన్ ఆక్రమించింది. బదులుగా అటబ్రిన్ మాత్రలిచ్చేవారు. చేదుగా ఉండే ఆ మాత్ర నెలల తరబడి మింగితే ఒళ్లు పసుపురంగుకు తిరిగేది. జూన్‌లో వానలు రాగానే వడగాలి పోయి ఉక్కపోత వచ్చింది. గాలిలో తేమ నిండితే చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. చెమటకాయలు, తామర, బూజుపట్టిన బూట్లు అప్పటి నిత్యబాధలు.

మనుషుల కంటే యంత్రాలకే ఈ ఎండ ఎక్కువ చేటు చేసింది. బి-29కు ఉన్న నాలుగు రైట్ ఆర్-3350 ఇంజన్లు చల్లని రోజున కూడా మితిమీరి వేడెక్కేవి. వెనక వరస సిలిండర్లకు గాలి సరిగా అందకపోవడం అందుకు ఒక కారణం. ఏప్రిల్‌లో భారతదేశానికి వస్తూ కరాచీ ప్రాంతంలో కొన్ని విమానాలు కూలిపోవడంతో మిగతావాటిని కొన్నాళ్లు ఆపవలసి వచ్చింది. వేడిగాలి పలచన కనుక రెక్కలకు ఊతం తగ్గుతుంది. విమానం లేవడానికి ఇంకా ఎక్కువ దూరం పరిగెత్తాలి. ఎండకు కాగిన అల్యూమినియం మీద చెయ్యి పెడితే కాలేది. దాంతో మెకానిక్కుల రోజే తలకిందులైంది. మరమ్మతులు తెల్లవారుజామునా, పొద్దుగూకాక దీపాల వెలుగులోనూ సాగాయి. జూన్ 5న తొలి దాడికి 98 విమానాలు బ్యాంకాక్ వైపు లేచింది కూడా పొద్దు ఎక్కకముందే. పది రోజులకు, చైనాలోని చెంగ్డూ మైదానాల నుంచి జపాన్‌లోని యవతా ఉక్కు కర్మాగారం మీద దాడి జరిగింది.

మెకానిక్కుకు మధ్యాహ్నం నీడ దక్కింది. మైదానాలు కట్టిన కూలీలకు ఆ వెసులుబాటు ఉండేది కాదు. 1942 అక్టోబరు తుపానుకూ, 1943 కరువుకూ చితికిపోయిన మేదినీపూర్ జిల్లా ఇది. కంకర, మట్టి తట్టలతో నెత్తిన మోసినవాళ్ల శ్రమను విడిచి ఈ స్థావరాల చరిత్ర చెప్పడం న్యాయం కాదు.

1945 మార్చి చివర సింగపూర్ ప్రాంతం మీద జరిగిన దాడితో ఇక్కడి బి-29ల పని ముగిసింది. దళాలు పసిఫిక్‌లోని మరియానా దీవులకు తరలాయి. హిజ్లీ కట్టడంలో 1950లో దేశంలోని తొలి ఐఐటీ మొదలైంది. 1990 నుంచి అందులో నెహ్రూ శాస్త్ర సాంకేతిక మ్యూజియం ఉంది. కలైకుండా నేడు భారత వాయుసేన స్థావరం.