పాటకొచ్చే చుట్టాలు

సంబరం అనగానే మీకు ముందుగా గుర్తొచ్చేదేమిటి? జలంత్రకోట జంక్షన్లో పిల్లాజెల్లాతో బస్సు దిగే ఆడపడుచులా? పెరట్లో రాళ్ళపొయ్యి మీద సలసల కాగే బూరెల మూకుడా? లేక రాత్రి అమ్మవారి గుడి ముందు మోగే తప్పెటగుళ్ళ దరువా? ఆ దరువు వినబడగానే మన అమ్మమ్మలు చేతిలో పని అక్కడే వదిలేసి, “బేగెల్లకపోతే ముందు చోటు దొరకదర్రా!” అంటూ మనల్ని తరిమేవారు కదూ!

ఆలోచిస్తే ఈ మూడూ ఒకే దారానికి గుచ్చిన పూసలు. పాట ఉన్నచోటికి మనుషులొస్తారు. మనుషులొస్తే పొయ్యి వెలుగుతుంది. పొయ్యి వెలిగితే నాలుగంగళ్ళు నడుస్తాయి. మనకి సరదాగా గడిచిపోయే ఈ వరసనే బతుకుతెరువుగా మలుచుకున్న చిన్న చిన్న దీవులున్నాయి. అవి ఎక్కడో కాదు, మన ఇంట్లో మగపిల్లలు క్రికెట్టు చూస్తూ రోజూ తలుచుకునే వెస్టిండీస్ దీవులే.

ఖాళీ నెలలకి కళ తెచ్చారు

కరీబియన్ సముద్రంలోని ఈ దీవులకి ఒకప్పుడు చెరకే ఆధారం. బార్బడోస్ దీవిలో చెరకు కోత ముగిశాక తోటల్లో పనిచేసేవాళ్ళు ఆటపాటలతో ‘క్రాప్ ఓవర్’ అనే పండగ చేసుకునేవారు. మన సంక్రాంతికి అప్పచెల్లెలనుకోండి. చెరకు సాగు చితికిపోవడంతో పండగా మూలపడింది. 1974లో అక్కడి పర్యాటక మండలి దాన్ని మళ్ళీ లేవదీసింది. చలిదేశాల యాత్రికులు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండ కోసం వస్తారు. ఆ తర్వాత హోటలు గదులు బోసిపోతాయి. ఆ నెలల్లో జనాన్ని రప్పించడానికి పాటని ఆశ్రయించారన్నమాట.

సెయింట్ లూసియా దీవి 1992లో మే నెలకి జాజ్ సంగీతోత్సవం మొదలుపెట్టిందీ అందుకే. జమైకాలో 1978లో ‘రెగే సన్‌స్ప్లాష్’ మొదలైంది. 1993 నుంచి ‘రెగే సమ్‌ఫెస్ట్’ వచ్చింది. పేదవాడల్లో పుట్టిన ఆ రెగే సంగీతాన్ని 2018లో యునెస్కో మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది.

ట్రినిడాడ్ కథ ఇంకా ముచ్చటైనది. డప్పులు వాయించకూడదని పంతొమ్మిదో శతాబ్దంలో తెల్లదొరలు ఆంక్షలు పెడితే, అక్కడి పేదలు వెదురుబొంగులు నేలకేసి కొట్టి తాళం వేశారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు దొరికాయి. ఆ తర్వాత పారేసిన చమురు పీపాలు! పీపా మూతని సుత్తితో గుంటలుగా కొట్టి, ఒక్కో గుంటలో ఒక్కో స్వరం పలికించారు. అదే స్టీల్‌పాన్. 1963 నుంచి కార్నివాల్ సమయంలో ఈ వాయిద్య బృందాలకి ‘పనోరమా’ పోటీలు జరుగుతున్నాయి. 1992లో అది జాతీయ వాయిద్యమైంది. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ని ప్రపంచ స్టీల్‌పాన్ దినోత్సవంగా ప్రకటించింది. చిత్తుసామానులోంచి పుట్టిన వాయిద్యానికి ఎంత మర్యాదో చూశారా!

మన రేకుగుల్ల తక్కువదా?

ఇప్పుడు మన తప్పెటగుళ్ళని తలుచుకోండి. అదీ రేకు గుల్లే, దానికి మేకతోలు బిగిస్తారు. మెడలో వేలాడదీసుకుని, గుండెల మీద రెండు చేతులా వాయిస్తూ, గజ్జెల కాళ్ళతో గెంతుతూ, ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురంలా నిలబడతారు. గొర్రెలు మేపుకునే యాదవులు వానల కోసం గంగమ్మని వేడుకుంటూ పెంచుకున్న కళ ఇది. ఇక జముకుల కథ. కుంచంలాంటి పాత్రకి అడుగున తోలు బిగించి, దాని మధ్యలోంచి లాగిన తంతిని మీటుతూ, ఎల్లమ్మ కథని తెల్లవార్లూ చెప్పేవారు.

ఆ దీవులకీ మనకీ చుట్టరికం కూడా ఉందండోయ్! పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల్లో కూలి కోసం మద్రాసు రేవులో ఓడలెక్కిన వాళ్ళలో తమిళులతోబాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళు చేరిన దేశాల్లో గయానా ఒకటి. అక్కడి అమ్మవారి పూజల్లో మోగే డప్పుని ఈనాటికీ ‘తప్పు’ అనే అంటారు. మాట మారింది, తిండి మారింది, దరువు మాత్రం మనవాళ్ళ వెంటే ఉండిపోయింది.

పొయ్యి దగ్గరా రాబడే

గృహిణులుగా మనం గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. పాట కోసం వచ్చినవాళ్ళకి ఆకలేస్తుంది! ట్రినిడాడ్‌లో దొరికే ‘డబుల్స్’ అనే చిరుతిండి మనవాళ్ళ వంటింట్లోంచి వెళ్ళినదే. పసుపు కలిపిన పిండితో మెత్తటి ‘బరా’లు రెండు వేయించి, వాటిమీద శనగల కూర పెట్టి, పచ్చడి చుక్కేసి ఇస్తారు. బార్బడోస్‌లో ఆయిస్టిన్స్ అనే బెస్తల ఊళ్ళో శుక్రవారం రాత్రి చేపలు వేయిస్తుంటే, పక్కనే పాటలు సాగుతుంటాయి. దేశదేశాల వాళ్ళూ అక్కడే బల్లల మీద కూర్చుని తింటారు. పెద్ద హోటలు కట్టకుండానే ఊరికి నాలుగు డబ్బులొచ్చే మార్గం ఇది.

ఇదంతా మనకెందుకు అంటారా? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన ఉద్దానం మీద పడ్డ రాత్రి మరిచిపోగలమా? కన్నబిడ్డల్లా పెంచిన కొబ్బరి, జీడి, పనస చెట్లు తెల్లారేసరికి నేలమట్టమయ్యాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేందుకు ఏళ్ళు పడుతుంది. కరీబియన్‌లోని గ్రెనడా దీవికీ ఇదే కష్టం వచ్చింది. 2004లో ఐవాన్ తుపానుకి అక్కడి జాజికాయ తోటలు తుడిచిపెట్టుకుపోయాయి. చెట్టు మీదే ఆధారపడ్డ ఊరికి రెండో ఆధారం ఉండాలని ఈ రెండు తుపానులూ చెప్పాయి. గాలికి కూలనిది పాటే!

మన దగ్గరా ఆ దిశగా అడుగులు పడుతున్నాయి. 2025లో అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండుగగా మూడు రోజులు చేశారు. ఆ ఏప్రిల్లోనే మన బారువ తీరంలో బీచ్ ఫెస్టివల్ జరిగింది, తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలారు. 2020లో వచ్చిన ‘పలాస 1978’ సినిమా పుణ్యమా అని ఉత్తరాంధ్ర జానపదం రాష్ట్రమంతా మారుమోగింది.

పండగ ఎవరిది?

సంతోషమే! కానీ ఒక్క మాట ఆలోచించండి. పాట ఊరూరా మోగితే, దాన్ని కాపాడుకొచ్చిన కళాకారుడి ఇంట్లో పొయ్యి వెలుగుతోందా? తెల్లవార్లూ సాగే కథని వేదిక మీద అయిదు నిమిషాలకి కుదిస్తే, మిగతా కథ ఎవరికి గుర్తుంటుంది? సంబరాల్లో డీజే పెట్టెలకి వేలకి వేలు పోసి, గుళ్ళ బృందం దగ్గర మాత్రం గీచి గీచి బేరమాడుతున్నాం. ఇలాగైతే వాళ్ళ పిల్లలు గుల్ల పట్టుకుంటారా, చెన్నైకో ముంబయికో రైలెక్కుతారా?

కరీబియన్ దీవుల్లోనూ ఈ బాధ లేకపోలేదు. పేరున్న విదేశీ గాయకులకీ, బయటివాళ్ళ హోటళ్ళకీ పోగా ఊరివాళ్ళకి మిగిలేదెంత అన్న ప్రశ్న అక్కడా ఉంది. ఊరు తనదనుకున్న పండగే ఊరికి అన్నం పెడుతుంది.

జనం పెరిగితే జాగ్రత్తా పెరగాలి. 2025 నవంబరు 1న కాశీబుగ్గ గుడిలో జరిగిన తొక్కిసలాటలో ప్రాణాలు పోయినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. రావడానికో దారి, పోవడానికో దారి లేని చోట ఎంత గొప్ప ఉత్సవమైనా వద్దు. అలాగే తీరంలో రాత్రిపూట పెద్ద లైట్లు వెలిగిస్తే, గుడ్డులోంచి బయటపడ్డ తాబేలు పిల్లలు ఆ వెలుగే సముద్రమనుకుని ఇటువైపు పాకి చచ్చిపోతాయి. అవి వెళ్ళే వేళకి దీపాలు ఆర్పాల్సిందే.

మనవంతు ఏం చెయ్యొచ్చు?

• సంబరానికి చందా ఇచ్చేటప్పుడు, “ఒక్క రాత్రి తప్పెటగుళ్ళకి, జముకుల కథకి కేటాయించండి” అని అడగండి. మీరొక్కరే అడిగితే నవ్వుతారేమో! వీధిలో పదిమంది ఆడవాళ్ళు కలిసి అడిగితే కాదనలేరు. కళాకారుల పారితోషికం ముందే మాట్లాడి, ఆట అయిన రాత్రే చేతికిచ్చేలా చూడండి.

• ఇంట్లో పెద్దవాళ్ళకి వచ్చిన గౌరి పాటలు, ఊడుపు పాటలు సెల్‌ఫోన్లో రికార్డు చేయించండి. పాడినవాళ్ళ పేరు, ఊరు, ఏ పనిలో పాడేవారో కూడా చెప్పించి పెట్టండి. పిల్లలకి సెలవుల్లో ఇంతకంటే మంచి పని ఉండదు.

• పొదుపు సంఘం తరఫున ఉత్సవాల్లో దుకాణం పెట్టండి. జీడిపప్పు పాకం, కొబ్బరి లౌజు బాగా చల్లారాకే గాలి చొరని డబ్బాల్లో పెట్టాలి. వేడి మీద మూతేస్తే చెమ్మ పట్టి బూజొస్తుంది. చేసిన తేదీ, ఊరి పేరు రాసి అంటించండి. ధర కట్టేటప్పుడు పప్పు, బెల్లం, వంటచెరకుతోబాటు మీ కష్టానికీ కూలి వేసుకోండి. అది మరిచిపోయేది మనమే! ఆహార భద్రతా శాఖలో రిజిస్ట్రేషను చేయించుకుంటే ఏ బెంగా ఉండదు.

ఈసారి సంబరానికి చుట్టాలొచ్చినప్పుడు బూరెలు వడ్డించి ఊరుకోకండి. పిల్లల్ని వెంటబెట్టుకుని గుడి ముందుకి తీసుకెళ్ళండి, గుల్ల వాయించే తాతకి దగ్గరగా కూర్చోబెట్టండి. ఆట అయ్యాక ఆయన్నీ పిలిచి, చుట్టాలతోబాటు పీట వేసి అన్నం పెట్టండి. ఆ పీట దగ్గరే మన పిల్లలకి పాట విలువ తెలుస్తుంది.