మనకెవరిస్తారండీ టికెట్లు?

క్రికెట్టంటే మగవాళ్ళ గోల అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. బీసెంట్ రోడ్డులో చీర బేరమాడుతూ మధ్యలో "స్కోరెంతయ్యా?" అని కొట్టబ్బాయిని అడిగే ఇల్లాళ్ళున్నారు. చివరి ఓవర్ల కోసం సీరియల్ మార్చమనే అత్తగార్లున్నారు. పుస్తకం చాటున ఫోన్ పెట్టుకుని స్మృతి మంధాన ఎంత కొట్టిందో చూసుకునే కూతుళ్ళకైతే లెక్కే లేదు. ఇంత తెలిసినవాళ్ళని "ఎప్పుడన్నా స్టేడియంకి వెళ్ళి చూశారా?" అని అడిగి చూడండి. "భలేవారే! మనకెవరిస్తారండీ టికెట్లు?" అని నవ్వేస్తారు.

ఆ మాటలోనే ఉంది అసలు సంగతంతా. సినిమా టికెట్టు మనం కొంటాం. రైలు టికెట్టు కొంటాం. మ్యాచ్ టికెట్టు మాత్రం ఎవరో 'ఇవ్వాలి'. ఇచ్చేవాళ్ళు మగవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళూ మగవాళ్ళే. ఇక మన దాకా వచ్చేదెప్పుడు?

పాసు ఉన్నవారిదే ఆట

విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో మగవాళ్ళ అంతర్జాతీయ వన్డే జరిగింది ఒకే ఒక్కసారి. 2002 నవంబరు 24, ఆదివారం. భారత్, వెస్టిండీస్ చెరి మూడు మ్యాచ్‌లు గెలిచి ఉన్నాయి. ఏడోదీ చివరిదీ మన ఊళ్ళో. మనవాళ్ళు 135 పరుగుల తేడాతో ఓడిపోయారనుకోండి, అది వేరే సంగతి.

అప్పటికి నాకు పదిహేనేళ్ళు. నాన్నగారి స్నేహితుడొకాయన రెండు పాసులు తెచ్చిపెట్టారు. నాన్న, అన్నయ్య వెళ్ళారు. అమ్మ తెల్లవారకముందే లేచి పులిహోర కలిపి డబ్బాలో పెట్టి ఇచ్చింది. అమ్మా, నేనూ, పక్కింటి అత్తయ్యగారూ టీవీ ముందు కూర్చున్నాం. స్టేడియం మా ఇంటికి రిక్షా దూరం! "మీరూ వస్తారా?" అని అడిగినవాళ్ళు లేరు. పాసులు రెండే కదా, ఆ రెండూ ఎవరివో వేరే చెప్పాలా?

ఇంతకన్నా చిత్రమైన విషయం ఇంకొకటుంది. అదే స్టేడియంలో అంతకు అయిదేళ్ళ ముందే, 1997 డిసెంబరు 12న, మహిళల ప్రపంచకప్ మ్యాచ్ జరిగింది. ఇంగ్లండ్ అమ్మాయిలు పాకిస్తాన్ మీద 50 ఓవర్లలో 2 వికెట్లకి 376 పరుగులు చేశారు. ఆడవాళ్ళు ఆడిన ప్రపంచకప్ మన ఊరికి వచ్చి వెళ్ళిన సంగతి మా వీధిలో ఒక్క ఇల్లాలికీ తెలియదు. నాకు తెలిసింది కూడా పెళ్ళయి పిల్లలు పుట్టాకే.

సార్వాకో కుర్చీ

టికెట్టు కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేని పద్ధతి ప్రపంచంలో లేకపోలేదు. ఇంగ్లండ్, ఐర్లండ్ దేశాల్లో రగ్బీ క్లబ్బులున్నాయి. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే ఆట అది. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, వెనకున్నవాళ్ళకే అందించాలి. మనకి సార్వా, దాళ్వా ఉన్నట్టే వాళ్ళకీ ఆటల కాలం ఉంటుంది. ఇంగ్లండులో పెద్ద క్లబ్బుల ఆటలు ఇంచుమించు సెప్టెంబరు నుంచి జూన్ దాకా సాగుతాయి.

ఆ కాలం మొదలవక ముందే క్లబ్బు 'సీజన్ మెంబర్‌షిప్' అమ్ముతుంది. డబ్బు కడితే సొంత మైదానంలో జరిగే లీగ్ మ్యాచ్‌లన్నిటికీ ఒకే కుర్చీ మనది. వరస ఫలానా, నంబరు ఫలానా. వాయిదాల మీద కట్టే వీలు చాలా చోట్ల ఉంటుంది. పిల్లలకీ, పెద్ద వయసు వాళ్ళకీ ధర తక్కువ. సెమీఫైనల్ లాంటి పెద్ద మ్యాచ్ వస్తే టికెట్లు ముందు మెంబర్లకి చూపించి, మిగిలినవే బయట అమ్ముతారు. మనకి కుదరని రోజున ఆ కుర్చీని క్లబ్బు ద్వారానే ఇంకొకరికి అమ్ముకునే ఏర్పాటు కూడా కొన్ని క్లబ్బుల్లో ఉంది.

ఇందులో మనకి కొత్తేముందండీ? నెలనెలా చీటీ కట్టడం మనకి తెలుసు. పాల కార్డు తెలుసు. పిల్లల బస్ పాసు తెలుసు. ముందు డబ్బు కడతాం, మన వంతు మనకి ఖాయం. పక్క కుర్చీలో ఎప్పుడూ కూర్చునే మనిషి మొహం రెండు ఆటలు తిరిగేసరికి తెలిసిపోతుంది. ఆడదానికి ఇది చిన్న విషయం కాదు. తెలిసిన మొహాల మధ్య కూర్చుంటానంటే ఇంట్లోవాళ్ళూ ధైర్యంగా పంపుతారు.

ఆ దేశాల్లో ఆడవాళ్ళ ఆటకి జనం రారన్న మాటా ఇప్పుడు చెల్లడం లేదు. 2025 సెప్టెంబరు 27న లండన్ ట్వికెన్‌హామ్ స్టేడియంలో మహిళల రగ్బీ ప్రపంచకప్ ఫైనల్‌కి 81,885 మంది వచ్చారు. ఇంగ్లండ్ అమ్మాయిలు కెనడాని 33-13తో ఓడించారు.

మన క్లబ్బులేవీ?

మరి మన దగ్గర అలాంటి కార్డు కొనుక్కుందామంటే క్లబ్బు నిలకడగా ఒక ఊళ్ళో ఉండాలి కదా! 2019లో హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టారు. 2022లో అది దేశంలోనే పెద్ద లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. కానీ కరోనా కారణంగా ఆ సీజన్ ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. సొంత ఊళ్ళో ఆ ఆటలు చూసే వీలు అభిమానులకి దొరకలేదు. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. రగ్బీలోనూ అంతే. 2025 జూన్‌లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టుంది. ఆ ఏడు ఆటలన్నీ ముంబైలోనే పెట్టారు. జట్టు పేరులో మన ఊరుంది, ఆ ఏడు మన ఊళ్ళో ఆట మాత్రం జరగలేదు!

క్రికెట్ సంగతి వేరు, అక్కడ స్టేడియం ఉంది, జట్టు ఉంది, జనం ఉన్నారు. అయినా 2025 మార్చిలో సన్‌రైజర్స్ జట్టుకీ, హైదరాబాద్ క్రికెట్ సంఘానికీ గొడవ వచ్చింది దేనిమీదనుకున్నారు? ఉచిత పాసుల మీద. ఉప్పల్ స్టేడియంలో సుమారు 39 వేల సీట్లు. ఒక్కో మ్యాచ్‌కి 3,900 పాసులు సంఘానికి ఇచ్చే పాత పద్ధతే కొనసాగించాలని చివరికి రాజీ కుదిరింది. అంటే పది సీట్లలో ఒకటి అమ్మకానికి రానే రాదు. ఆ పదోది ఎవరికి చేరుతుందో తెలుసుకోవాలంటే మళ్ళీ 'ఎవరిస్తారు' అన్న మొదటి ప్రశ్నకే వస్తాం.

క్యూలో ఆడది

పాసు లేనివాళ్ళకి మిగిలేది క్యూ. 2022 సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాదాపు మూడేళ్ళ తరవాత హైదరాబాద్‌కి అంతర్జాతీయ మ్యాచ్ వచ్చింది. ఉప్పల్‌లో భారత్-ఆస్ట్రేలియా టీ20. జింఖానాలో టికెట్లు అమ్ముతారనగానే తెల్లవారుజాము నుంచే వేలమంది చేరారు. తొక్కిసలాట జరిగింది, లాఠీలు లేచాయి, కొందరు గాయపడ్డారు. క్యూలో ఆడవాళ్ళూ ఉన్నారు. టికెట్టు కోసం వెళ్ళి ఆసుపత్రి పాలవడం ఏం ఖర్మండీ?

2025 జూన్ 4న బెంగళూరులో ఇంకా ఘోరం. ఐపీఎల్ గెలిచిన జట్టుకి సన్మానమన్నారు. ఉచిత పాసులన్న కబురు పాకింది. చిన్నస్వామి స్టేడియంలో ఉన్న సీట్లకి ఎన్నో రెట్లు జనం గేట్ల దగ్గర చేరారు. 11 మంది ప్రాణాలు పోయాయి.

ఈ రెండూ చూశాక నాకు ఒకటి గట్టిగా అనిపించింది. ఆడవాళ్ళకి ఉచిత ప్రవేశం అంటే సంతోషమే. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు ఆడవాళ్ళందర్నీ ఉచితంగానే రానిచ్చారు. తప్పేం లేదు. కానీ నన్నడిగితే, నంబరు లేని ఉచిత ప్రవేశం కన్నా నంబరున్న వంద రూపాయల టికెట్టే మేలు. ఉచితమంటే ముందు వచ్చినవాళ్ళదీ, బలం ఉన్నవాళ్ళదీ. ఇంటి పని తెమిల్చి, బిడ్డని చంకనేసుకుని వెళ్ళేసరికి మనం ఎప్పుడూ వెనకే!

వంద రూపాయల టికెట్టు

ఆ వంద రూపాయలన్నది ఊరికే అన్న మాట కాదు. 2025లో మన దేశంలో జరిగిన మహిళల ప్రపంచకప్‌కి లీగ్ మ్యాచ్ టికెట్లు వంద రూపాయల నుంచే అమ్మారు. విశాఖపట్నంలో భారత జట్టు రెండు మ్యాచ్‌లు ఆడింది. అక్టోబరు 9న దక్షిణాఫ్రికాతో, 12న ఆస్ట్రేలియాతో.

పన్నెండోది ఆదివారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఫోన్లో తనే టికెట్లు తీసింది. నేను, అమ్మాయి, మా ఆడపడుచు, పక్కింటి పిన్నిగారు, మొత్తం నలుగురం. శనివారం పొద్దున్నే రత్నాచల్ ఎక్కి మధ్యాహ్నానికి విశాఖలో దిగాం. వదినగారింట్లో మకాం. పిన్నిగారిది పామర్రు దగ్గర పల్లె, అరవై దాటాయి. ఆవిడ జీవితంలో స్టేడియం గేటు దాటడం అదే మొదలు. కూర్చున్న పావుగంటకి ఒకసారి టికెట్టులో నంబరూ, కుర్చీ మీద నంబరూ సరిచూసుకునేవారు. "ఎందుకు పిన్నీ?" అంటే, "ఎవరన్నా వచ్చి లెమ్మంటే చూపించొద్దూ!" అన్నారు. ఎవరూ లెమ్మనలేదు. సాయంత్రమయ్యేసరికి కుర్చీ మీద కాళ్ళు ముడుచుకుని హాయిగా చక్కిలాలు తినే స్థితికి వచ్చారు.

మనవాళ్ళు 330 కొట్టినా ఆస్ట్రేలియా అమ్మాయిలు ఆరు బంతులు మిగిలుండగా కొట్టేశారు. హీలీ ఒక్కతే 142. ఓడిన బాధ ఉంది. అయినా మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి బంతి వేస్తుంటే మా అమ్మాయి కుర్చీ మీదెక్కి కేకలేసింది. ఆ రోజే ఆ స్టేడియంలో మిథాలీ రాజ్ పేరూ, రావి కల్పన పేరూ వెలిశాయి. కల్పన మన బెజవాడ ఆటో డ్రైవరు కూతురు, భారత జట్టుకి వికెట్ కీపింగ్ చేసింది. స్టేడియాల్లో ఆడవాళ్ళ పేర్లెందుకుండవని అంతకు ముందు ఆగస్టులో స్మృతి మంధాన మంత్రి నారా లోకేశ్‌తో అన్నదట. మాట ఫలించింది. నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాని ఓడించి కప్పు గెలిచినప్పుడు మా వీధి వీధంతా టపాకాయలే!

టికెట్టొక్కటే చాలదు

అయితే టికెట్టు చేతికొస్తే సమస్య తీరినట్టు కాదు. మూడింటికి మొదలైన వన్డే తేలేసరికి రాత్రి పది దాటుతుంది. వదినగారిల్లు లేకపోతే మేం వెళ్ళేవాళ్ళమా? 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో చార్జీ లేదు. చాలా మంచి పని. కానీ మ్యాచ్ వదిలే వేళకి బస్సు ఉండాలి కదా!

ఇంకో ముచ్చట. ఒకసారి ఓ ఊళ్ళో ఓ ఆటకి వెళ్ళాం, ఊరి పేరు వద్దులెండి. ఆడవాళ్ళ బాత్రూమ్‌కి తాళం వేసి ఉంది. తాళం ఎవరి దగ్గరుందని అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పారు. రెండు గంటలు ఓర్చుకుని ఆట సగంలో వచ్చేశాం. ఆడవాళ్ళు రారని తాళం వేస్తారు, తాళం వేశారని ఆడవాళ్ళు రారు!

కాబట్టి ఆటలు నడిపేవాళ్ళని మనం అడగాల్సినవి ఇవీ:

ఏడాదిలో రాష్ట్రంలో జరిగే మహిళల మ్యాచ్‌లన్నిటికీ కలిపి ఒక సీజన్ కార్డు అమ్మాలి. బడిపిల్లలకి సగం ధర పెట్టాలి.

పాసులు పంచాక మిగిలినవి కాకుండా, అమ్మకానికి ఎన్ని సీట్లో ముందే ప్రకటించాలి.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళకి ఊరూరా ఏదో ఒక కౌంటరులో, ఒక్క రోజు కాకుండా వారం పాటు టికెట్లు దొరకాలి.

తాళం లేని బాత్రూమ్, తాగే నీళ్ళు, ఆట అయ్యాక బస్సు. ఇవి కూడా టికెట్టులో భాగమే.

మనం చేయాల్సినవీ ఉన్నాయి. నిర్వాహకులు ప్రకటించిన చోటే టికెట్టు కొనండి. "పాసులున్నాయి, డబ్బు పంపండి" అని వాట్సాప్‌లో వచ్చే మెసేజీలు నమ్మకండి. టికెట్టు మీది గళ్ళ గుర్తు ఫోటో తీసి ఎవరికీ పంపకండి. లోపలికి ఏ సంచీ రానిస్తారో, ఏది రానివ్వరో ముందే చదువుకోండి. నలుగురు కలిసి వెళ్ళండి, తిరుగు ప్రయాణం ముందే మాట్లాడుకోండి.

మన ఊరికి ఆనుకునే హైదరాబాద్ రోడ్డు మీద మూలపాడు ఉంది. 2016 నవంబరులో భారత్, వెస్టిండీస్ మహిళల జట్లు అక్కడ మూడు వన్డేలు, మూడు టీ20లు ఆడాయి. రేపు మళ్ళీ అలాంటి ఆటలొస్తే గుడివాడ నుంచీ, బందరు నుంచీ, తెనాలి నుంచీ మనం ఎంతమందిమి వెళ్తాం? మ్యాచ్ ఉందని పేపర్లో కనబడగానే టికెట్లు ఎక్కడ అమ్ముతున్నారో మనమే కనుక్కుందాం. ఈసారి పులిహోర డబ్బా మనతోనే రావాలి. ఏమంటారు?